కెచువా కొండ ఊళ్ళో రోజు ఎలా గడుస్తుంది? ఆచారాలు నిజమేనా, టూరిస్టుల కోసమా?

మీరు అడిగింది రెండు సంగతులు. పెరూలో కెచువా మాట్లాడే కొండ రైతుల ఊళ్ళో రోజు ఎలా గడుస్తుంది అనేది ఒకటి. ఫొటోల్లో కనిపించే ఎర్ర శాలువాలు, కోకా ఆకులు, భూమికి చేసే పూజలు ఇంకా నిజంగా ఉన్నాయా, లేక టూరిస్టులు వస్తున్నారని వేసుకునే వేషమా అనేది రెండోది. నేను విత్తన సంరక్షణ పని మీద కుస్కో చుట్టుపక్కల ఊళ్ళలో చాలాకాలం ఉన్నాను, ఇప్పటికీ పోతూ వస్తూ ఉంటాను, కాబట్టి చూసింది చూసినట్టు రాస్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

రెండో ప్రశ్నకే ముందు జవాబు. వేషం ఉంది, కానీ అది ఉండే చోట్లు వేరు, వాటి గురించి చివర్లో చెప్తాను. ఊళ్ళో మాత్రం ఆచారమంటే పని మానుకుని చేసే కార్యక్రమం కాదు. దుక్కి చేయాలన్నా ఇల్లు కట్టాలన్నా పదిమంది రావాలి. ఆ పదిమంది రావడానికి, వచ్చినవాళ్ళు మళ్ళీ రావడానికి ఏమేం కావాలో అదంతా కలిపి మనం బయటినుంచి చూసి సంప్రదాయం అంటున్నాం. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతావి వాటంతట అవే అర్థమవుతాయి.

ముందు నేల సంగతి. కెచువాను ఈక్వడార్ నుంచి బొలీవియా దాకా కొండల పొడుగునా మాట్లాడతారు, ఒక్క పెరూలోనే 2017 జనాభా లెక్కల్లో దాదాపు 38 లక్షల మంది ఇది మా మాతృభాష అని రాయించుకున్నారు. అందుకని అన్ని ఊళ్ళకీ కలిపి గంపగుత్తగా ఏదీ చెప్పలేం. నేను చెప్పేది కుస్కో ప్రాంతంలో పీసాక్ అనే చిన్న పట్నానికి పైన కొండల్లో ఉన్న ఊళ్ళ గురించి, ముఖ్యంగా అమరు, పరూ పరూ, చవాయ్‌తిరే, సకాకా, పంపల్యక్త. ఇవి 2000ల మొదట్లో తమ పొలాలన్నీ కలిపి బంగాళాదుంప పార్కు అని ఒకటి పెట్టుకున్నాయి. పార్కు అంటే చుట్టూ కంచె, టికెట్టు కౌంటరు ఉండే చోటు అనుకోకండి, జనం ఇళ్ళూ పొలాలూ పశువులూ అన్నీ అందులోనే.

పీసాక్ ఉన్న లోయే దాదాపు 3,000 మీటర్ల ఎత్తు. లోయలో మొక్కజొన్న పండుతుంది. 3,500 దాటాక బార్లీ, పెద్ద చిక్కుళ్ళు, తర్వి అనే పప్పు. 3,800 పైన బంగాళాదుంప, దాంతోపాటు ఓకా, ఉల్యూకు, మాష్వా అనే వేరే దుంపలు. ఇంకా పైకి, 4,200 దాటితే గడ్డి, లామాలు, అల్పాకాలు, మంచుకు తట్టుకునే చేదు దుంపలు తప్ప ఇంకేం ఉండదు. ఒక కుటుంబానికి పొలం ఒక్క చోట ఉండదు. ఇంటి దగ్గర నాలుగు చాళ్ళు, పక్క వాలు మీద ఇంకో పది చాళ్ళు, గంటన్నర పైకి ఎక్కితే ఇంకో ముక్క. కొత్తగా చూసినవాళ్ళు, మన వ్యవసాయ శాఖ నుంచి వచ్చినవాళ్ళు కూడా, అన్నీ ఒకచోటికి మార్చుకుంటే పోదా అంటారు. ఒక్క రాత్రి గడ్డమంచు పడితే పల్లంలోని ముక్క మాడిపోతుంది, వాలు మీదిది నిలుస్తుంది. వడగళ్ళు ఒక కొండను కొట్టి పక్క కొండను వదిలేస్తాయి. అన్నీ ఒకచోట పెట్టుకున్నవాడు ఆ ఏడు పస్తుంటాడు.

ఇదే లెక్క ఒక్క చాలులో కూడా ఉంటుంది. అమ్మకానికి వేసే హైబ్రిడ్ రకాలు విడిగా వేస్తారు గానీ, ఇంటి తిండికి వేసే చేలో పదీ ఇరవై రకాల దుంపలు కలిపి నాటుతారు. నల్లవి, ఊదావి, పొడుగువి, పాము చుట్టుకున్నట్టున్నవి. ఆ పార్కు ఊళ్ళన్నీ కలిపి 1,300కు పైగా రకాలు కాపాడుతున్నాయి. లిమాలో 1971 నుంచీ ఉన్న అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం, ఒకప్పుడు ఇలాంటి ఊళ్ళనుంచే సేకరించి దాచిన రకాల్లో 400 పైచిలుకు, 2004లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఈ రైతులకు తిరిగి ఇచ్చింది. విత్తనాన్ని కంపెనీలూ ల్యాబులూ పట్టుకుపోవడమే మనం ఎక్కువగా వింటాం, ఇలా ఊరికి తిరిగి రావడం చాలా అరుదు, నాకు ఈ ఊళ్ళంటే ఇంత ఇష్టం కలగడానికి అదీ ఒక కారణం. వాటిలో ఒక రకం నిండా గుంటలూ బుడిపెలే. కొత్త కోడలు ఇంటికొచ్చినప్పుడు అత్తగారు ఆ దుంపను చేతికిచ్చి తొక్క తీయమంటుందని, దుంప పోకుండా పల్చగా తీస్తే పనిమంతురాలు అని ఒప్పుకుంటుందని చెప్పుకుంటారు. కోడలిని ఏడిపించేది అనే దానికి పేరు.

పై పొలాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు వేసుకోవడం కుదరదు. ఊరి భూమిని భాగాలు చేసి వంతులవారీగా తెరుస్తారు. ఈ ఏడు ఒక భాగం తెరిస్తే ఊరంతా అందులోనే దుంప వేస్తారు, మరుసటి ఏడు అక్కడే ఓకా, ఉల్యూకు, ఆపై బార్లీ, తర్వాత ఏళ్ళ తరబడి బీడు. ఆ బీడులో అందరి పశువులూ మేస్తాయి, పెంట వేస్తాయి, దుంప వేళ్ళను పట్టే నులిపురుగులు ఈ విరామంలో తగ్గిపోతాయి. ఏ భాగం ఎప్పుడు తెరవాలో ఊరి సభలో తేలుస్తారు. నా ఇష్టం అని మీరొక్కరే బీడు మధ్యలో నాటుకుంటే ఊరి గొర్రెలన్నీ మీ చేలోనే ఉంటాయి, కాపలా కాయలేక చస్తారు.

ఇప్పుడు అసలు విషయం, ఐనీ. మన పల్లెల్లో బదులుకు పోవడం అని ఒకటి ఉండేది, మీకు తెలియకపోతే మీ అమ్మమ్మనో తాతయ్యనో అడగండి. ఈరోజు మీరు మా పొలానికొస్తే రేపు నేను మీ పొలానికి రావాలి. ట్రాక్టర్లు, కూలి డబ్బులు వచ్చాక మన దగ్గర చాలా చోట్ల పోయింది. అక్కడ ఇంకా నడుస్తోంది, అదీ గట్టి లెక్కతో. దుక్కికి దుక్కే, కోతకు కోతే, డబ్బులిచ్చి చెల్లు చేసుకుంటానంటే దాన్ని ఐనీ అనరు, కూలి అంటారు. ఎవరూ పుస్తకంలో రాయరు, ఎవరూ మర్చిపోరు. ఆ రోజు నాకు జ్వరమొస్తే మా అబ్బాయి వెళ్ళాలి. వెళ్ళనివాడికి శిక్ష ఏమీ ఉండదు, వచ్చే ఏడు వాడి పొలానికి ఎవరూ రారు, అంతకన్నా పెద్ద శిక్ష ఆ కొండమీద లేదు.

ఎందుకంటే అక్కడి పనే అలాంటిది. ఫిబ్రవరి, మార్చిలో వానలు ఇంకా పడుతుండగానే వచ్చే పంట కోసం బీడు విరగ్గొడతారు. ఆ వాలు మీద ట్రాక్టరు ఎక్కదు, ఎద్దు నిలబడదు. చాకి తక్ల్యా అనే పనిముట్టు వాడతారు. మనిషికంటే పొడుగైన కర్ర, కొనకు ఇనప పలుగు, దానికి కాస్త పైన కాలు పెట్టడానికి అడ్డకర్ర, నడుము ఎత్తులో వంకర పిడి. ఇద్దరు మగవాళ్ళు పక్కపక్కన నిలబడి ఒకేసారి కాస్త ఎగిరి అడ్డకర్ర మీద కాలేసి తొక్కుతారు, పలుగు గడ్డివేళ్ళలోకి దిగుతుంది, ఇద్దరూ కలిసి పిడిని వెనక్కి వంచితే పీటంత మట్టిపెళ్ళ లేస్తుంది, ఎదురుగా వంగి ఉన్న మూడో మనిషి, ఎక్కువగా ఆడమనిషి, దాన్ని రెండు చేతులతో పట్టి గడ్డి కిందికి వచ్చేలా బోర్లిస్తుంది. మళ్ళీ ఎగరడం, తొక్కడం, వంచడం. ఇలాంటి ముగ్గురేసి జట్లు వరుసగా నిలబడి ఒకరితో ఒకరు పోటీపడుతూ సాగుతాయి, అదీ 4,000 మీటర్ల దగ్గర, మనకు నాలుగు మెట్లెక్కితేనే గుండె దడదడలాడే చోట. ఆ పనిముట్టు పట్టుకుని ఒక్కడు చేయగలిగింది చాలా తక్కువ. ఇద్దరు తొక్కాలి, ఒకరు తిప్పాలి, పొలమంతా అవ్వాలంటే అలాంటి జట్లు నాలుగైదు ఉండాలి.

పని మొదలెట్టే ముందు, మధ్యలో రెండు మూడు సార్లు అందరూ గట్టున కూర్చుంటారు. పొలం ఆసామి కోకా ఆకుల సంచీ విప్పి ఒక్కొక్కరికీ గుప్పెడు ఇస్తాడు, తీసుకునేవాళ్ళు రెండు చేతులూ చాచి తీసుకుంటారు. చిరుగులేని మూడు ఆకులు ఏరి, ఒకదానిమీద ఒకటి పేర్చి, నోటి ముందు పట్టుకుని మెల్లిగా ఊదుతారు, పచమామ పేరు, చుట్టూ కనిపించే కొండల పేర్లు చెప్పుకుంటూ. పచమామ అంటే భూమాత. కొండలను అపు అంటారు, ఒక్కో ఊరికి దాని అపులు ఉంటాయి, అందరికీ పెద్ద ఆసంగాతే, 6,300 మీటర్లు దాటిన మంచు శిఖరం. ఊదిన తర్వాతే ఆకు బుగ్గన పెట్టుకుంటారు. కోకా, మధ్యాహ్నం తిండి, మొలకెత్తించిన మొక్కజొన్నతో కాచిన చిచా అనే కల్లు, ఈ మూడూ పిలిచినవాళ్ళ బాధ్యత. చిచా తాగేముందు కూడా రెండు చుక్కలు నేలమీద పోస్తారు. ఇది చూసి టూరిస్టులు ఎంత భక్తి అంటారు. భక్తి ఉంది, నేను కాదనను, కానీ ఆకు ఇవ్వడం అంటే నిన్ను పనికి గౌరవంగా పిలిచాను అని అందరి ముందూ చెప్పడం కూడా. కోకా పెట్టకుండా పనిచేయించుకున్న ఆసామి పేరు ఊళ్ళో చాలాకాలం నలుగుతుంది.

కోకా అనగానే కొకైన్ గుర్తొచ్చి కొందరు టెన్షన్ పడతారు. ఆకు వేరు, దాన్నుంచి రసాయనాలతో తీసే మత్తుమందు వేరు. ఆకు నమిలితే ఆకలి, అలసట కాస్త తెలియకుండా ఉంటాయి, అంతే. పెరూలో ఆకు బజార్లో బాహాటంగా అమ్ముతారు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, గుర్తుగా ఉంటుందని నాలుగు ఆకులు బ్యాగులో వేసుకుని ఇండియాకు తేకండి, మన చట్టం ప్రకారం ఆకు కూడా నిషేధమే.

రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. చీకటితోనే ఇంటి ఆడవాళ్ళు లేచి మట్టి పొయ్యి రాజేస్తారు, యూకలిప్టస్ పుల్లలు, ఎండిన పేడ వంటచెరుకు. వంటిల్లు చిన్నగా, చీకటిగా, పొగచూరి ఉంటుంది, కింద గినీ పందులు కీచుకీచుమంటూ తిరుగుతుంటాయి, దుంప తొక్కలన్నీ వాటికే. పేరులో పంది ఉంది గానీ అవి కుందేలుకన్నా చిన్న జంతువులు, పండగకో పెద్ద అతిథి వస్తేనో కోస్తారు, రోజూ తినరు. పొద్దున్నే తాగేది లావ, అంటే మొక్కజొన్న పిండితోనో ఎండు దుంపల పిండితోనో కాచిన చిక్కటి జావ. తర్వాత తొక్కతోనే ఉడికించిన దుంపలు, వాటితో రోకోతో మిరపకాయ, వకతాయ్ ఆకు కలిపి రాతిమీద నూరిన పచ్చడి. ఆ పచ్చడి ఘాటు మనవాళ్ళకు సరిగ్గా సరిపోతుంది, నేను అక్కడ తిండికి ఎప్పుడూ ఇబ్బంది పడలేదంటే అదే కారణం. పొలానికి మళ్ళీ దుంపలు, వేయించిన లేదా ఉడికించిన మొక్కజొన్న, ఉంటే జున్ను మూటకట్టుకుంటారు. రాత్రికి మళ్ళీ జావ. ఏడు, ఎనిమిదికల్లా నిద్ర.

పిల్లలు బడికి పోయేముందో వచ్చాకో గొర్రెలు తోలుకుపోతారు. ఆడవాళ్ళ చేతులు నడుస్తున్నా ఊరికే ఉండవు, కదురు తిప్పుతూ ఉన్ని వడుకుతూనే దారి నడుస్తారు. మగ్గం ఒక కొస చెట్టుకో మేకుకో కట్టి రెండో కొస నడుముకు కట్టుకుని నేస్తారు, అందుకే ఆ బట్టలు వెడల్పు తక్కువ, రెండు ముక్కలు మధ్యలో కుట్టి శాలువా చేస్తారు. బిడ్డను మోసినా, దుంపలు మోసినా, గడ్డి మోసినా ఆ శాలువాలోనే. ఎర్ర రంగు జెముడు మీద పెరిగే కొచినీల్ అనే పురుగు నుంచి వస్తుంది. చెవుల దాకా వచ్చే టోపీలు మాత్రం చాలా ఊళ్ళలో మగవాళ్ళే అల్లుకుంటారు.

మన దగ్గరికన్నా నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి చెప్పాలి. భూమిలో కొడుకులతో పాటు కూతుళ్ళకూ వాటా వస్తుంది, పుట్టినప్పటినుంచీ ఆడపిల్లకు విడిగా గొర్రెలో అల్పాకాలో ఉంటాయి, పెళ్ళయినా అవి ఆమెవే. విత్తనం ఏరేది, దుంపల గాదె మీద అధికారం చేసేది ఇంటి ఇల్లాలు, ఎంత వండాలి, ఎంత అమ్మాలి, ఎంత దాచాలి అన్నది ఆమె మాటే. దీన్నిబట్టి అంతా సమానమే అనుకోవద్దు, ఊరి సభలో మాట్లాడేది ఇప్పటికీ ఎక్కువగా మగవాళ్ళే, తాగి కొట్టే మొగుళ్ళు అక్కడా ఉన్నారు.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా కోత. తవ్విన చేలోనే మట్టిపెళ్ళలు గుమ్మటంలా పేర్చి లోపల మంట పెడతారు, పెళ్ళలు ఎర్రగా కాలాక దుంపలు లోపల వేసి గుమ్మటాన్ని పైనుంచి కూల్చి కప్పేస్తారు. కాసేపాగి తవ్వి తీస్తే కాలిన దుంప, దీన్ని వాతియా అంటారు. కోత నెలల్లో మాత్రమే దొరుకుతుంది, మీకు అవకాశం వస్తే వదలకండి.

ఆ తర్వాత చూన్యో. జూన్, జూలైలో ఆకాశం తేటగా ఉండి రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు బాగా కిందికి పోతుంది. అప్పుడు చిన్న దుంపలు, చేదు దుంపలు ఎత్తుమీద చదునైన చోటికి మోసుకెళ్ళి ఒకదానిమీద ఒకటి పడకుండా గడ్డిమీద పరుస్తారు. రాత్రి గడ్డకడతాయి, పగలు ఎండకు మెత్తబడతాయి. మూడు నాలుగు రాత్రులు అలా అయ్యాక కుప్పలుగా చేసి చెప్పుల్లేకుండా తొక్కుతారు, పొద్దున్నే, దుంపలు ఇంకా చల్లగా ఉండగానే. కాలి వేళ్ళ మధ్యనుంచి నీళ్ళు చిమ్ముతాయి, తొక్క ఊడి పక్కకు పోతుంది, పాదం తిప్పే పద్ధతి ఒకటుంది, బలంగా తొక్కితే దుంప చితికిపోతుంది, మెత్తగా తొక్కితే నీళ్ళు ఉండిపోతాయి. ముసలివాళ్ళు తొక్కుతుంటే చూడాలి. తర్వాత ఎండబెడితే నల్లటి గట్టి ముక్కలవుతాయి, అదే నల్ల చూన్యో. తెల్లది కావాలంటే గడ్డకట్టిన దుంపల్ని కొన్ని వారాలు పారే నీళ్ళలో నానబెట్టి ఆ తర్వాత ఎండబెడతారు, దాన్ని మొరాయా అంటారు, దాని ధర ఎక్కువ. చేదు రకాల్లో ఉండే విషపదార్థం ఈ నీళ్ళతో పోతుంది. దాదాపు 5 కిలోల దుంపకు కిలో చూన్యో వస్తుంది, ఏళ్ళ తరబడి పాడవదు. పంట పోయిన ఏడు ఇల్లు గడిచేది దీంతోనే. పక్క లోయలకు తీసుకెళ్ళి మార్చుకునేదీ ఇదే, లారెస్ వైపు సంతల్లో ఇప్పటికీ కొండ ఊళ్ళ ఆడవాళ్ళు దుంప, చూన్యో, మాంసం ఇచ్చి వేడి ప్రాంతాల పళ్ళు, కర్రపెండలం, కోకా తీసుకుంటారు, నోటు చేతులు మారకుండానే.

పండగలు కూడా ఈ పనుల క్యాలెండరు మీదే నడుస్తాయి. ఆగస్టు మొదటి రోజుల్లో భూమి నోరు తెరిచి ఉంటుందని, ఆకలితో ఉంటుందని అంటారు. కోకా ఆకులు, లామా కొవ్వు, గింజలు, మిఠాయిలు, పూలు ఒక కాగితంలో వరుసగా అమర్చి, పాకో అనే పెద్దమనిషి చేత పూజ చేయించి కాలుస్తారు లేదా పాతిపెడతారు. ఆ తర్వాతే నాట్లు. ఫిబ్రవరిలో కార్నివాల్, అప్పుడు దుంప చేలు పూతమీద ఉంటాయి, కుర్రకారంతా కొండలమీద ఆడిపాడేది అప్పుడే, పెళ్ళి జంటలు కుదిరేదీ ఎక్కువగా అప్పుడే.

జూన్ చివర్లో, 24న వచ్చే సాన్ హువాన్ పండగ దగ్గర్లో, తెల్లవారకముందే లేచి తూర్పున కృత్తికలు చూస్తారు. చుక్కలు ప్రకాశంగా కనిపిస్తే వానలు వేళకు వస్తాయి, మసగ్గా ఉంటే ఆలస్యమవుతాయి, అప్పుడు నాట్లు వెనక్కి జరుపుతారు. దీన్ని మూఢనమ్మకం అని కొట్టేయడం తేలిక. 2000లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ఇది ఎలా పనిచేస్తుందో చూపించింది: ఎల్ నినో ఏడాదుల్లో, అంటే పసిఫిక్ సముద్రం మామూలుకన్నా వేడెక్కే ఏడాదుల్లో, జూన్‌లో ఆకాశంలో చాలా ఎత్తున, కంటికి ఆననంత పల్చటి మేఘాలు పెరిగి చుక్కలు మసకబారతాయి, అదే ఏడాది ఆ కొండల్లో వానలు తగ్గుతాయి. కార్తెలు చూసుకుని విత్తనం వేసిన ఇంట్లో పెరిగినవాణ్ణి, నాకు దీంట్లో ఆశ్చర్యం కన్నా సంతోషమే ఎక్కువ కలిగింది.

బంధాలు కూడా ఐనీ దారిలోనే కలుపుకుంటారు. బిడ్డకు పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు ఒక జంటను ధర్మ తల్లిదండ్రులుగా పిలుస్తారు. వాళ్ళు మొదటి పాయ కత్తిరించి డబ్బో, గొర్రెపిల్లో, దూడో ఇస్తారు, తర్వాత వచ్చినవాళ్ళంతా తలా ఒక పాయ కత్తిరించి పళ్ళెంలో డబ్బు వేస్తారు. అది ఆ బిడ్డ సొత్తు, అక్కణ్ణుంచే వాడి పశువుల మంద మొదలవుతుంది. ఆ జంటకూ బిడ్డ తల్లిదండ్రులకూ మధ్య జీవితాంతం ఉండే చుట్టరికం ఏర్పడుతుంది, పనికి పిలిస్తే కాదనలేని చుట్టరికం. పెళ్ళి ముందు జంటలు కొన్నాళ్ళు కలిసి కాపురం చేయడం పాత ఆచారం, చర్చి పెళ్ళి డబ్బు కుదిరినప్పుడు, ఒక్కోసారి పిల్లలు పుట్టాక. ఊరి పండగ ఖర్చు ఒక ఏడు ఒక కుటుంబం నెత్తిన వేసుకుంటే, వాళ్ళు ఇంటింటికీ రొట్టె, మందు పట్టుకెళ్ళి సాయం అడుగుతారు. రొట్టె తీసుకుంటే మాట ఇచ్చినట్టే, ఒకరు బాజా ఖర్చు, ఒకరు చిచా, ఒకరు కట్టెలు. ఎప్పుడో వాళ్ళ వంతు వచ్చినప్పుడు ఇదంతా తిరిగి ఇవ్వాలి.

ఊరందరి పనికి మాత్రం బదులు లెక్క లేదు, ఇంటికొకరు రావాల్సిందే. కాలువ పూడిక, దారి మరమ్మతు, బడి గోడ. హాజరు పిలుస్తారు, రాకపోతే జరిమానా. కుస్కోకు దక్షిణంగా అపురిమాక్ నది మీద కెస్వాచాకా అనే గడ్డి వంతెన ఉంది, నాలుగు ఊళ్ళవాళ్ళు ఏటా జూన్‌లో కలిసి గడ్డి తాళ్ళు పేని మూడు రోజుల్లో కొత్తగా కడతారు, నాలుగో రోజు పండగ. 2013లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. కోవిడ్ వల్ల 2020లో కట్టలేదు, 2021 మార్చిలో తెగి నదిలో పడింది, ఆ జూన్‌లోనే మళ్ళీ కట్టారు. పక్కనే ఇనప వంతెన ఉంది, బళ్ళు దానిమీదే పోతాయి. మరి గడ్డిది ఎందుకంటే, నాలుగు ఊళ్ళవాళ్ళు ఏడాదికోసారి ఒకచోట చేరి కలిసి పనిచేయాలి కదా అంటారు.

చరిత్ర తెలియకుండా ఈ ఊళ్ళను చూస్తే అంతా ఎప్పటినుంచో ఇలాగే ప్రశాంతంగా ఉందనిపిస్తుంది. కాదు. ముసలివాళ్ళలో చాలామంది జమీందార్ల కింద పుట్టినవాళ్ళే. వారంలో ఎక్కువ రోజులు దొర పొలంలో వెట్టి, వంతులవారీగా దొర ఇంట్లో ఊడిగం. 1969 జూన్ 24న జనరల్ హువాన్ వెలాస్కో అల్వరాదో ప్రభుత్వం భూసంస్కరణ చట్టం తెచ్చాక ఆ భూములు ఊళ్ళ చేతికి వచ్చాయి. 1975లో కెచువాను అధికార భాషగా ప్రకటించారు. కాగితం మీద. బడిలో కెచువా మాట్లాడితే దెబ్బలు తిన్నవాళ్ళు తమ పిల్లలతో స్పానిష్ మాత్రమే మాట్లాడడం మొదలుపెట్టారు, ఆ గాయం ఇంకా మానలేదు. ఇప్పుడు రెండు భాషల బళ్ళు వచ్చాయి, కొన్నిచోట్ల టీచర్లు బాగా చెప్తున్నారు, కొన్నిచోట్ల టీచరుకే కెచువా రాదు. మీరు నేర్చుకోవాలనుకుంటే భయపడకండి, క్రియ వాక్యం చివర్లో రావడం, మాట వెనక ప్రత్యయాలు అంటించుకుంటూ పోవడం మన తెలుగు పద్ధతే, ఇంగ్లీషువాళ్ళకన్నా మనకు త్వరగా పట్టుబడుతుంది.

మార్పులు చాలా వచ్చాయి. గడ్డి కప్పుల బదులు రేకులు, చేతిలో ఫోను, వాకిట్లో బైకు. పేద తల్లులకు 2005లో మొదలైన హుంతోస్ అనే ప్రభుత్వ పథకం డబ్బు, ముసలివాళ్ళకు 2011లో వచ్చిన పింఛను ఇంట్లో నోటు కనబడేలా చేశాయి. కుర్రవాళ్ళు కుస్కో, లిమా, అడవి వైపు బంగారు గనులకు పోతున్నారు, దుక్కి జట్లకు మనుషులు తగ్గుతున్నారు, ఐనీకి నిజమైన దెబ్బ ఇదే, టూరిజం కాదు. ఎవాంజెలికల్ చర్చిలో చేరినవాళ్ళు చిచా, కోకా ముట్టరు, వాళ్ళను పనికి పిలిస్తే కూల్‌డ్రింకు పోస్తారు, అలా సర్దుకుంటున్నారు. అన్నిటికన్నా భయపెట్టేది వాతావరణం. ఒకప్పుడు లోయలో మాత్రమే ఉన్న ఆకుమచ్చ తెగులు, దుంప తొలిచే పురుగు పైకి ఎక్కుతున్నాయి, వాటినుంచి తప్పించుకోవడానికి రైతులు దుంపను ఇంకా పైకి జరుపుతున్నారు. కొండకు ఒక చివర ఉంటుంది కదా, ఆ తర్వాత ఎక్కడికి జరపాలి? ఏటా వేలమంది నడిచివెళ్ళే కొయ్యూర్ రిత్తి జాతరలో, ఎలుగుబంటి వేషం వేసినవాళ్ళు హిమానీనదం నుంచి మంచుగడ్డలు కోసి ఊళ్ళకు మోసుకురావడం ఆనవాయితీ. మంచు కరిగిపోతోందని 2000ల తర్వాత వాళ్ళే అది ఆపేశారు.

ఇక వేషం సంగతి. కుస్కో వీధుల్లో లామాపిల్లను ఎత్తుకుని ఫొటోకు డబ్బు అడిగే ఆడవాళ్ళు, జూన్ 24న సాక్సైవమాన్ కోటలో జరిగే ఇంతి రాయ్మి సూర్య పండగ, ఇవి చూపించడానికి చేసేవే. ఇంతి రాయ్మి ఇప్పటి రూపంలో 1944లో మొదలైన ప్రదర్శన. కుస్కోవాళ్ళకు అదంటే నిజమైన గర్వం ఉంది, తప్పుపట్టడానికి ఏమీ లేదు, కానీ ఊరి ఆచారం చూశాను అనుకోవద్దు. బట్టలు చూసి కూడా నిజం, అబద్ధం తేల్చకండి. కొన్ని ఊళ్ళలో రోజూ వేసుకుంటారు, కొన్నిచోట్ల ట్రాక్‌ప్యాంట్లలోనే దుక్కి చేస్తారు, పండగకు మాత్రం నేసిన పొంచో, అంటే తలమీదుగా వేసుకునే దుప్పటిలాంటిది, తీస్తారు. ట్రాక్‌ప్యాంటు వేసుకున్నవాడు కూడా కోకా ఊదే నోట్లో పెట్టుకుంటాడు.

మీరు వెళ్తే కుస్కోలో రెండు మూడు రోజులు ఆగి ఎత్తుకు అలవాటుపడి ఆ తర్వాత పైకెక్కండి. ఊరి సంఘం ద్వారా వెళ్ళండి, బస డబ్బు ఎవరెవరికి ఎలా పంచాలో వాళ్ళకు పద్ధతి ఉంటుంది. పిల్లలకు చాక్లెట్లు పంచకండి. ఇంటికి పట్టుకెళ్ళాలంటే ఓరోపేసా అనే ఊరినుంచి వచ్చే గుండ్రటి పెద్ద రొట్టెలు, పంచదార, కోకా ఆకులు తీసుకెళ్ళండి, రెండు చేతులతో ఇవ్వండి. ఫొటోకు ముందు అడగండి. మే చివరినుంచి జూన్ నెలాఖరు దాకా వెళ్తే కోత, వాతియా, చూన్యో అన్నీ చూడొచ్చు, చలి మాత్రం ఎముకలు కొరుకుతుంది, మంచి జాకెట్టు ఉండాలి. పొలానికి తీసుకెళ్తే పక్కన నిలబడి చూడకండి, ఏరే పని ఎవరైనా చేయొచ్చు. సాయంత్రం మీ వాటా అని సంచీలో కొన్ని దుంపలు పోస్తారు, వద్దు అనకండి, తీసుకోండి.